వెనుకవున్నవి మరచుట: గతాన్ని దేవునికి అప్పగించే పని ఎలా చేయాలి

విశాఖపట్నంలోని చాలా క్రైస్తవ సంఘాల్లో డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిసే వేళకు వాగ్దాన కార్డులు పంచుతారు. పళ్లెంలో బోర్లించి పెట్టిన కార్డుల్లోంచి తలా ఒకటి తీసుకుంటాం, పన్నెండు దాటాక ఒకరికొకరం వందనాలు చెప్పుకుంటాం, కార్డును బైబిలులో పెట్టుకొని ఇంటికి చేరుకుంటాం. నా బైబిలులో అలాంటివి పదిహేను దాకా పోగుపడి ఉన్నాయి. వాటిలో మూడింటి మీద ఒకే వచనం ఉంది: "మునుపటివాటిని జ్ఞాపకము చేసికొనకుడి, పూర్వకాలపు సంగతులను తలంచుకొనకుడి" (యెషయా 43:18). మూడుసార్లు అదే వచనం వచ్చినా, మూడుసార్లూ సంక్రాంతి దాటకముందే నేను తలంచుకోకూడని సంగతినే తలచుకుంటూ కూర్చున్నాను. కార్డు చేతిలో పెట్టినవారు దానిని ఎలా ఆచరించాలో చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ 'ఎలా' గురించే ఇక్కడ రాస్తున్నాను. నేను పాస్టరును కాను, వైద్యుణ్ణి అంతకన్నా కాను. పోర్టులో లెక్కల విభాగంలో పనిచేసి విరమించిన తరువాత, మా సంఘంలో శనివారం సాయంత్రం జరిగే చిన్న ప్రార్థన కూడికను కొన్నేళ్లుగా చూసుకుంటున్నాను. ఉద్యోగం గురించి, పిల్లల పెళ్లి గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మొదలైన ప్రార్థన మనవులు కాస్త ఓపికగా వింటే ఏనాటిదో ఒక పాత సంగతి దగ్గరికి చేరుకోవడం అక్కడ ఎన్నోసార్లు చూశాను. ఆ గదిలో కొందరికి, వారికంటే ముందు నాకు, పనికివచ్చిన పద్ధతి ఇది.

మరచుట అనే మాటకు వాక్యంలో ఉన్న అర్థం

'జరిగినది మరచిపోండి' అన్న బోధ వినగానే, జ్ఞాపకం వస్తూనే ఉంది కాబట్టి తమకు విశ్వాసం చాలడం లేదేమోనని చాలామంది దిగులుపడతారు. వాక్యం అలా చెప్పడం లేదు. 43వ అధ్యాయంలో తలంచుకొనకుడి అన్న యెషయా గ్రంథమే 46:9లో పూర్వం జరిగినవాటిని జ్ఞాపకం చేసుకొమ్మంటుంది. పైగా 43:18కి ముందున్న రెండు వచనాలు చదివితే, అక్కడ పక్కన పెట్టమంటున్నది చెడ్డ సంగతి కూడా కాదని, సముద్రంలో త్రోవ కలుగజేసిన మహాకార్యమని తెలుస్తుంది. దేవుడు అప్పుడు చేసినదాన్నే కొలతగా పట్టుకొని కూర్చున్న జనం, ఆయన ఇప్పుడు చేయబోయే నూతనక్రియను గుర్తుపట్టలేకపోకూడదన్నది ఆ మాటల భావం.

యోసేపు సంగతి చూడండి. అన్నలు గుంటలో పడవేసి, ఆపైన అమ్మివేసిన ఆ చిన్నవాడు ఐగుప్తులో పెద్ద అధికారి అయ్యాక, తన బాధనంతటినీ దేవుడు మరచిపోయేలా చేశాడని చెప్పి పెద్ద కుమారునికి మనష్షే అని పేరు పెట్టాడు (ఆదికాండము 41:51). మరపు అనే అర్థమున్న పేరు పెట్టి, ఇంట్లో రోజుకు పదిసార్లు ఆ పేరుతోనే కొడుకును పిలిచే మనిషికి, తాను ఏమి మరచిపోయాడో పూర్తిగా గుర్తుండే ఉంటుంది. అన్నలు ధాన్యం కోసం వచ్చినప్పుడు అతడు పక్కకు వెళ్లి ఏడ్చాడు. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ ఏడ్చాడు. జ్ఞాపకం ఉంది, కన్నీళ్లు ఉన్నాయి, కానీ అన్నల మీద తీర్చుకోవలసిన బాకీ మాత్రం అతని చేతిలో లేదు.

"వెనుకవున్నవి మరచి ముందున్న వాటికొరకై వేగిరపడుచు" అని ఫిలిప్పీయులకు 3:13లో రాసిన పౌలు కూడా తిమోతికి రాసేటప్పుడు తాను పూర్వం దూషకుణ్ణని, హింసకుణ్ణని దాచకుండా చెప్పుకున్నాడు. కాబట్టి బైబిలు భాషలో మరచుట అంటే లెక్క పుస్తకం చేతులు మారడమని నేను అర్థం చేసుకున్నాను. పుస్తకం కాలిపోదు, అందులోని అంకెలు చెరిగిపోవు. దానిని రోజూ తీసి కూడికలు వేసుకునే పని మాత్రం మనది కాకుండా పోతుంది. అయితే లెక్కల గుమస్తాగా ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి కనుక ఒక సంగతి కచ్చితంగా చెప్పగలను: తప్పుగా రాసిన లెక్కను ఎవరికి అప్పగించినా అది తేలదు. గతాన్ని దేవునికి అప్పగించేశానని చెప్పి మళ్లీ వెనక్కి తెచ్చుకునేవారిలో చాలామంది, అప్పగించే ముందు దానిని సరిగా రాసుకోనివారే.

ముందు రాసుకోవాలి

ఒక గంట తీరిక, రెండు తెల్ల కాగితాలు కావాలి. ఫోను వేరే గదిలో ఉండాలి. గాజువాకలోనో కంచరపాలెంలోనో ఒకటిన్నర గదుల ఇంట్లో ఆరుగురితో ఉండేవారికి ఇంట్లో గంట ఏకాంతం దొరకడం కష్టమని తెలుసు. వారపు దినాల్లో మీ మందిరం తలుపు తీయించుకోండి; అడిగితే కాదనే సంఘపెద్ద ఉండడు. కొందరు వన్‌టౌన్‌లోని రాస్ కొండ మెట్లెక్కి, కింద నౌకాశ్రయం కనిపించే చోట కూర్చుంటారు. లాసన్స్ బే ఒడ్డున తెల్లవారుజామున కూర్చోవచ్చు గాని, గాలికి కాగితం నిలవదు.

మొదట 32వ కీర్తనను పైకి చదవండి. "నేను మౌనినై యుండగా దినమంతయు నేను చేసిన నా ఆర్తధ్వనివలన నా యెముకలు క్షీణించినవి" అన్న మూడో వచనం దగ్గర ఆగండి. చెప్పుకోకుండా దాచిన సంగతి ఒంటిని ఏం చేస్తుందో ఇంతకన్నా సూటిగా చెప్పిన మాట నేను చదవలేదు. పైకి చదవడం అవసరం. తెలుగులో ఈ వాక్యాన్ని అచ్చులో చదువుకునే భాగ్యానికి పని మొదలైనది ఈ ఊళ్లోనే. 1805లో విశాఖపట్నానికి వచ్చిన లండన్ మిషనరీ సొసైటీ వారు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనేవారు, ఆనందరాయరు అనే విశ్వాసి సహాయంతో సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో కన్నుమూశారు. మొదటి మూడు సువార్తలు అచ్చయి వచ్చింది 1812లో. తాము చూడని అచ్చుపుస్తకం కోసం పనిచేసిన ఆ ఇద్దరినీ తలచుకుంటే, ముందున్న వాటికొరకై వేగిరపడడం అంటే ఏమిటో కాస్త తెలుస్తుంది.

తరువాత కాగితాన్ని మూడు భాగాలు చేయండి. మొదటి భాగంలో నేను చేసినవి, రెండో భాగంలో నాకు ఇతరులు చేసినవి, మూడో భాగంలో ఎవరి తప్పూ లేకుండా పోయినవి. పూర్తి వాక్యాల్లో రాయండి. 'అన్నయ్య విషయం' అని రాస్తే చాలదు. ఎవరు, ఏ సంవత్సరం, ఏమన్నారు, ఎంత డబ్బు, నేనేం జవాబు చెప్పాను అన్నది ఉండాలి. మూడు భాగాలు ఎందుకంటే, వాక్యం ఈ మూడింటికీ ఒకే మందు ఇవ్వలేదు. మొదటిదానికి ఒప్పుకోలు, రెండోదానికి మొరపెట్టడం, ఆపైన క్షమాపణ, మూడోదానికి ఏడ్చి లేవడం. నాకు జరిగిన అన్యాయానికి నేను పశ్చాత్తాపపడుతూ కూర్చున్నా, నేను చేసిన తప్పును 'దేవుడు మరచిపొమ్మన్నాడు' అని దాటవేసినా గతం కదలదు.

నా సంగతి చెబుతాను. మా నాన్నగారి ఇల్లు 2003లో అమ్మాం. ఆయన జ్ఞాపకార్థ కూడికలో, బంధువులందరి ముందు, మా తమ్ముడు నా మీద కేకలు వేశాడు. పదమూడేళ్లు ఇద్దరం మాట్లాడుకోలేదు. ఈ సంగతిని నేను ఎప్పుడూ రెండో భాగంలోనే వేసుకున్నాను: నలుగురిలో నన్ను అవమానించాడు, నేను సహిస్తున్నాను, క్షమించడానికి ప్రార్థన చేస్తున్నాను. ఒక శనివారం కూడిక అయ్యాక కాగితం మీద పూర్తి వాక్యాల్లో రాయవలసివచ్చినప్పుడు, వాడు ఎందుకు కేకలు వేశాడన్నది కూడా రాయవలసివచ్చింది. ఇంటి మరమ్మతులకని, రిజిస్ట్రేషను ఖర్చులకని చెప్పి నేను పంపకంలో లక్షా ఎనభై వేలు అదనంగా ఉంచుకున్నాను. ఆ ఖర్చులు అంత కాలేదు. అంకె రాసిన తరువాత ఆ పద్దు రెండో భాగంలో ఉండడానికి వీల్లేకపోయింది. పదమూడేళ్లు నేను తమ్ముణ్ణి క్షమించలేకపోవడానికి కారణం, అసలు క్షమాపణ అడగవలసినవాణ్ణి నేను కావడమే.

ఇక్కడ ఒక జాగ్రత్త. రాయబోయేది చిన్ననాటి లైంగిక వేధింపో, ఇంట్లో కొట్టడమో, ఆత్మహత్యతో పోయినవారి సంగతో అయితే ఒంటరిగా కూర్చొని రాయవద్దు. నమ్మకమైన మనిషిని పక్కన ఉంచుకోండి. నిద్ర లేకుండా పోయినా, చనిపోవాలన్న ఆలోచన వచ్చినా వెంటనే వైద్యుని కలవండి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం పేరును ఎగతాళికి వాడే అలవాటు మన ఊళ్లో ఉంది. ఆ ఎగతాళికి భయపడి వెళ్లనివారు ఎందరో. ప్రభుత్వం నడిపే టెలిమానస్ సహాయ కేంద్రానికి 14416 నంబరు మీద ఎప్పుడైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. జ్వరానికి మాత్ర వేసుకున్నప్పుడు విశ్వాసం తగ్గనట్టే దీనికీ తగ్గదు.

నేను చేసినవి

ఒప్పుకోలుకు ఆధారం 1 యోహాను 1:9: "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల, ఆయన నమ్మదగినవాడును నీతిమంతుడును గనుక ఆయన మన పాపములను క్షమించి సమస్త దుర్నీతినుండి మనలను పవిత్రులనుగా చేయును." ఈ వచనంలో నన్ను నిలబెట్టిన మాట 'నీతిమంతుడు' అన్నది. జాలిపడి క్షమిస్తాడని రాసి ఉంటే, ఆయన జాలి రేపు ఉంటుందో లేదోనన్న భయం మిగిలేది. ఆయన నీతిమంతుడు గనుక క్షమిస్తాడని రాసి ఉంది. సిలువ మీద చెల్లిపోయిన బాకీని మళ్లీ అడగడం అన్యాయం, ఆయన అన్యాయం చేయడు.

కాగితం మీద ఉన్న ఒక్కొక్క వాక్యాన్ని దేవునికి పైకి చదివి వినిపించండి. 'నా సమస్త పాపములు' అని ఒకే మూటగా కట్టవద్దు. తరువాత నోరు జారని ఒక మనిషికి చెప్పండి. యాకోబు 5:16 ఒకనితోనొకడు ఒప్పుకొమ్మంటుంది. కతోలిక విశ్వాసులకు విచారణ గురువు దగ్గర పాపసంకీర్తనం ఉంది. మిగిలిన సంఘాలవారు పాస్టరుగారికో, ఆయన భార్య అయిన అమ్మగారికో, వయసు మీరిన ఒక విశ్వాసికో చెప్పుకోవచ్చు. స్త్రీలు స్త్రీలకు చెప్పుకోవడం మేలు. సాక్ష్యమిచ్చే వేళ మైకు ముందు నిలబడి అన్నీ చెప్పేయడం మాత్రం తొందరపాటు. అందులో ఇతరుల పరువు కూడా కలిసి ఉంటుంది.

ఇక తీర్చవలసినది తీర్చాలి. మన బోధల్లో ఈ భాగం ఎందుకో పలచబడిపోయింది. సుంకం వసూలుచేసే జక్కయ్య రక్షణ గురించి పిల్లలకు పాట నేర్పుతాం గాని, అతడు నాలుగంతలు తిరిగి చెల్లిస్తానని చెప్పిన సంగతిని పెద్దలం గట్టిగా చెప్పుకోం. సంఖ్యాకాండము 5:7 ప్రకారం తప్పు చేసినవాడు దానిని ఒప్పుకొని, అసలుకు అయిదో వంతు కలిపి చెల్లించాలి. నేను ఆ లెక్కే వేసుకున్నాను: లక్షా ఎనభై వేలకు అయిదో వంతు ముప్పై ఆరు వేలు, మొత్తం రెండు లక్షల పదహారు వేలు. పదమూడేళ్ల వడ్డీ కడితే అంతకన్నా ఎక్కువే అవుతుందని నాకు తెలుసు; కానీ ఉన్న డిపాజిటు అంతే.

మధురవాడలోని తమ్ముడి ఇంటికి ముందుగా ఫోను చేసి వెళ్లాను. వాడు చెక్కు చూసి బల్ల మీదే వదిలేశాడు.

"అన్నయ్యా, నేను ఆ రోజు అరిచింది డబ్బు కోసం కాదు," అన్నాడు.

"తెలుసురా. లెక్క దాచాను. అది తప్పు," అన్నాను.

మరదలు టీ తెచ్చి పెట్టింది. ఇంకేమీ జరగలేదు, కౌగిలింతలు లేవు, ప్రార్థన కూడా లేదు. ఇలా వెళ్లేవారికి నేను చెప్పేది ఇదే: తప్పు ఒక్క వాక్యంలో చెప్పండి, 'కానీ నువ్వు కూడా' అన్న మాట నోటికి రానివ్వకండి, వెంటనే క్షమించమని ఒత్తిడి పెట్టకండి, టీ తాగి వచ్చేయండి. చెక్కు నెల తరువాత ఖాతాలో పడింది. తమ్ముడు ఫోను చేసింది మరో అయిదు నెలలకు.

ఎదుటివారు చనిపోయి ఉంటే వారి పిల్లలకు చెల్లించవచ్చు, వారి పేరున బీదలకు ఇవ్వవచ్చు. మీరు వెళ్లి చెప్పడంవల్ల ఒక ఇల్లు కూలిపోయేటట్లయితే, ముఖ్యంగా పాత సంబంధాల విషయంలో, మీ మనసు తేలికపరచుకోవడానికి ఇంకొకరి మనసు మీద బరువు పెట్టకండి. అలాంటప్పుడు పెద్దల సలహా తీసుకోకుండా అడుగు వేయవద్దు.

ఒప్పుకొని, చెల్లించి, తీరా అంతా అయ్యాక కూడా సిగ్గు మిగిలి ఉంటే పేతురు దగ్గరికి వెళ్లండి. ప్రధానయాజకుని లోగిట్లో చలిమంట దగ్గర నిలబడి అతడు యేసును ఎరుగనన్నాడు. గ్రీకు మూలంలో ఆ మంటకు వాడిన మాటకు బొగ్గుల నిప్పు అని అర్థం. క్రొత్త నిబంధన మొత్తం మీద ఆ మాట రెండే చోట్ల కనిపిస్తుంది. ఒకటి యోహాను 18:18లోని ఆ చలిమంట, రెండోది 21:9లో, తెల్లవారుతుండగా గలిలయ ఒడ్డున, పునరుత్థానుడైన యేసు చేపలు కాల్చడానికి వేసిన నిప్పు. మన ఫిషింగ్ హార్బరులో వేకువనే పడవ దిగి వచ్చినవారికి, రాత్రంతా తడిసిన ఒంటికి నిప్పు సెగ ఎంత హాయో తెలుసు. పేతురుకు ఆ సెగతోపాటు, ఆ పొగ వాసనతోపాటు, ఇంకేదో కూడా గుర్తుకు వచ్చే ఉంటుంది. యేసు ఆ జ్ఞాపకాన్ని తప్పించలేదు. అలాంటి నిప్పు దగ్గరే కూర్చోబెట్టి, ముందు తినిపించి, ఆ తరువాత మూడుసార్లు 'నన్ను ప్రేమించుచున్నావా' అని అడిగి, మూడుసార్లూ పని అప్పగించాడు. కాబట్టి సిగ్గుపడిన చోటికి, అదే వీధికి, అదే ఆఫీసుకు, అదే సంఘానికి యేసుతో కలిసి ఒకసారి తిరిగి వెళ్లడం మందులో భాగమని నేను నమ్ముతాను. అక్కడ ఏదైనా చిన్న పని ఒప్పుకోండి. కుర్చీలు వేయడమైనా సరే.

ఆ తరువాత కూడా 'నీవు ఫలానా పని చేసినవాడివి కదా' అన్న మాట లోపల వినిపిస్తే, అది ఎటు నెట్టుతోందో చూడండి. 2 కొరింథీయులకు 7:10 రెండు దుఃఖాలను వేరు చేసి చెబుతుంది. దైవచిత్తానుసారమైన దుఃఖం మనిషిని లేపి నడిపిస్తుంది; లోకసంబంధమైన దుఃఖం కూర్చోబెట్టి చంపుతుంది. నెట్టేది రెండో వైపుకైతే రోమీయులకు 8:1 పైకి చదివి పనిలో పడండి.

నాకు ఇతరులు చేసినవి

ఈ భాగంలో క్షమాపణతో మొదలుపెట్టకండి. గాయపడినవారిని కూర్చోబెట్టి మొదటి నిమిషంలోనే 'క్షమించేయండి' అనడం నేనూ చేశాను; అందుకు ఇప్పుడు విచారిస్తున్నాను. కీర్తనలు అలా మొదలుకావు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని 13వ కీర్తన దేవునితోనే తగవు పెట్టుకుంటుంది. 88వ కీర్తనలో చివరి మాటదాకా చీకటే. వీటిని మీ మాటలుగా చేసుకొని, జరిగినది జరిగినట్టు దేవునికి చెప్పండి. మర్యాద కోసం తగ్గించి చెప్పవద్దు. 56:8లో దావీదు అంటాడు: "నా కన్నీళ్లు నీ బుడ్డిలో నుంచబడి యున్నవి, అవి నీ కవిలెలో కనబడును గదా." కవిలె అంటే పాతకాలపు కరణాల లెక్క పుస్తకం. మీకు జరిగినది ఆ కవిలెకు ఎక్కింది. అక్కడ నమోదైనదని నమ్మినప్పుడే మన దగ్గరున్న నకలును వదిలిపెట్టగలుగుతాం.

ఇలా మొరపెట్టడానికి ఒక రోజు పట్టవచ్చు, రెండేళ్లు పట్టవచ్చు. ఆ తరువాత క్షమాపణను ఒక నిర్ణయంగా నోటితో చెప్పండి: 'ప్రభువా, ఫలానా వ్యక్తి నాకు ఫలానాది చేశాడు, దానివల్ల నేను ఫలానాది పోగొట్టుకున్నాను, ఆ బాకీని నేను వసూలు చేయను, తీర్పు నీది.' ఏమి పోగొట్టుకున్నామో చెప్పకుండా క్షమించడం, మొత్తం వేయకుండా రసీదు రాసినట్టు ఉంటుంది. పగతీర్చుట నా పని అని ప్రభువు చెప్పిన మాటను రోమీయులకు 12:19 గుర్తుచేస్తుంది. బాకీ రద్దుకాలేదు, వసూలుదారు మారాడు.

క్షమించడం వేరు, తిరిగి నమ్మడం వేరు. యోసేపు అన్నలను క్షమించాడు, అయినా తానెవరో చెప్పేముందు ఎంతో పరీక్షించాడు. గిన్నెను బెన్యామీను గోనెలో పెట్టించి, తమ్ముణ్ణి వదిలి వెళ్లిపోతారా, నిలబడతారా అని చూశాడు. అన్నల్లో ఒకడైన యూదా 'వానికి బదులు నేనుంటాను' అన్నప్పుడే యోసేపు ముసుగు తీశాడు. తాగి వచ్చి కొట్టే భర్త దగ్గరికి 'క్షమించావు కదా, వెళ్లు' అని ఒక ఆడబిడ్డను తిరిగి పంపే పెద్దలు ఈ అధ్యాయాలను మళ్లీ చదవాలి. పోలీసు ఫిర్యాదు చేయడం, 181 మహిళా సహాయ కేంద్రానికి ఫోను చేయడం క్షమాపణకు విరుద్ధం కాదు. అధికారులను దేవుని పరిచారకులుగా చెప్పింది కూడా రోమా పత్రికే. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" సమాధానంగా ఉండమన్న వచనంలో ఆ రెండు షరతులనూ పౌలు ఊరికే రాయలేదు.

ఒకసారి క్షమించాక మళ్లీ కోపం వస్తే ఓడిపోయామనుకుంటాం. మన తీరం వెంట ఇసుక ప్రవాహానికి కదిలి వస్తూనే ఉంటుంది; ఔటర్ హార్బరు దగ్గర చేరిన ఇసుకను ఏటా డ్రెడ్జర్లతో తోడి బీచ్ వైపు పోస్తారు. ఈ ఏడు ఇసుక మళ్లీ వచ్చింది కాబట్టి నిరుడు తోడినది దండగ అని పోర్టులో ఎవరూ అనగా వినలేదు. తోడారు కాబట్టే ఓడలు వస్తున్నాయి. పేతురు ఏడుసార్లు చాలునా అని అడిగినప్పుడు యేసు చెప్పిన డెబ్బది ఏళ్ల మారులను (అంటే డెబ్బై ఏడుల సార్లను), ఏడు వేర్వేరు తప్పులకని కాక, ఒకే తప్పు మళ్లీ గుర్తుకు వచ్చిన ప్రతిసారీ అని నేను చదువుకుంటాను.

ఎవరి తప్పూ లేకుండా పోయినవి

ఇక్కడ చెప్పవలసినది తక్కువ. బిడ్డ జబ్బుతో ఉన్నంతకాలం నేలమీద పడి ఉపవాసమున్న దావీదు, బిడ్డ పోయిందని తెలిశాక లేచి, స్నానం చేసి, బట్టలు మార్చుకొని, మందిరానికి వెళ్లి మొక్కి, ఇంటికి వచ్చి భోజనం చేశాడు (2 సమూయేలు 12:20). దుఃఖం తీరిందని కాదు. లేవవలసిన గడియ వచ్చింది. ఆ నాలుగు పనులనూ అదే వరుసలో చేయమని కొత్తగా దుఃఖంలో ఉన్నవారికి చెబుతాను.

మంచి రోజుల జ్ఞాపకం కూడా బరువే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన తరువాత, పాత చెట్ల నీడ గురించి మాట్లాడకుండా మా వీధిలో ఏ మాటా ముగిసేది కాదు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు ఐగుప్తులో తిన్న చేపలు, కీరకాయలు, ఉల్లిపాయలు గుర్తుకువచ్చాయి గాని కొరడా గుర్తుకు రాలేదు (సంఖ్యాకాండము 11:5). మునుపటి దినాలు ఇప్పటికంటే ఎందుకు బాగుండేవని అడగవద్దని ప్రసంగి 7:10 చెబుతుంది. పౌలు 'వెనుకవున్నవి' అన్నప్పుడు కూడా, కొన్ని వచనాల ముందు లెక్కపెట్టినవి అతని గొప్పలే: బెన్యామీను గోత్రం, హెబ్రీ సంతానం, పరిసయ్యుల నిష్ఠ. ఉద్యోగ విరమణ చేసినవారు మొదటి భాగంకన్నా ఈ భాగాన్ని ఎక్కువ నిజాయితీగా రాయవలసి ఉంటుంది. నేను హోదా పేరు చెప్పకుండా పరిచయం చేసుకోవడానికి రెండేళ్లు పట్టింది.

కాగితం సంగతి, రాత్రి సంగతి

రాసిన కాగితాన్ని ఏం చేయాలని అడుగుతారు. ఒకసారి మా యౌవనస్థుల కూటంలో పాపాలను చీటీల మీద రాసి, మీకా 7:19 చదివి, ఆర్.కె. బీచ్‌లో సముద్రంలో విసిరారు. విసిరిన పది నిమిషాల్లో సగం చీటీలు అలలతోపాటు వారి కాళ్ల దగ్గరికే వచ్చాయి. అక్షరాలు చెదరకుండా ఉన్నవాటిని ఏరుకోవడానికి అందరూ పరుగులు తీశారు. వచనంలో ఉన్నది ఒడ్డు కాదు: "వారి పాపములన్నిటిని సముద్రపు అగాధములలో నీవు పడవేతువు." అగాధం దాకా విసిరే చేయి మనది కాదు. కాబట్టి కాగితాన్ని ఇంట్లోనే చింపి పొయ్యిలో వేయండి. చెల్లించవలసిన బాకీలు, కలవవలసిన మనుషుల పేర్లు మాత్రం వేరే చీటీ మీద ఎక్కించుకొని బైబిలులో ఉంచుకోండి. ఒక్కొక్కటి పూర్తయినప్పుడు తేదీ వేసి కొట్టివేయండి. ప్రభు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనకు, ముందు వచ్చే శనివారం ఆ చీటీ తీసి చూడడం మా కూడికలో అలవాటు చేసుకున్నాం. బలిపీఠము నొద్ద అర్పణ విడిచి ముందు సహోదరునితో సమాధానపడుమన్న మత్తయి 5:24 అమలు కావాలంటే ఒక్క రోజైనా వ్యవధి ఉండాలి కదా.

పాత సంగతులు ఎక్కువగా రాత్రి రెండు మూడు గంటలకు లేపుతాయి. ఆ వేళ మంచం మీద పడుకొని వాటితో వాదించవద్దు. లేచి దీపం వేసుకొని, మంచినీళ్లు తాగి, విలాపవాక్యములు 3:22, 23 వచనాలను ఇంట్లోవారికి నిద్రాభంగం కలగకుండా చిన్న గొంతుతో చదవండి. గుర్తుకు వచ్చినది పాత పద్దే అయితే 'ఇది నీ కవిలెలో ఉంది ప్రభువా' అని చెప్పి పడుకోండి. ఇంతకుముందు రాయని కొత్త పద్దు అయితే చీటీ మీద ఒక్క వాక్యం రాసి, మిగిలినది ఉదయానికి వదిలి, దీపం ఆర్పండి.